ఫోన్ ఊపితే పోలీసులు వస్తారా? ద్వారకా తిరుమల దారిలో మోషన్ సెన్సర్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

తెల్లవారకముందే భీమడోలులోనో ఏలూరులోనో దిగి, అక్కడి నుంచి ఆటోలో, బస్సులో ద్వారకా తిరుమల చేరే భక్తులు చాలామంది. శనివారాలు, కల్యాణోత్సవాల రోజుల్లో ఈ రద్దీ ఇంకా ఎక్కువ. వీళ్లలో ఒంటరిగా ప్రయాణించే మహిళలూ ఉంటారు. దారిలో ఏదైనా జరిగితే ఫోన్ లాక్ తీసి, యాప్ వెతికి, బటన్ నొక్కే టైమ్ ఉంటుందా? అందుకే వచ్చింది 'షేక్' ఆప్షన్. ఫోన్‌ను గట్టిగా ఊపితే చాలు, ఎస్ఓఎస్ వెళ్లిపోతుంది. వినడానికి బాగుంది. మరి ప్రతిసారీ పని చేస్తుందా?

చేయదు. సెన్సర్ బాగానే ఉన్నా, మిగతా ఫోన్ సహకరించకపోతే ఆ ఊపు ఎవరికీ చేరదు.

ఏలూరు దగ్గరే తొలి కేసు

ఆంధ్రప్రదేశ్‌లో దిశ యాప్ 2020 ఫిబ్రవరిలో వచ్చింది. కొద్ది రోజులకే దానికి తొలి పరీక్ష ఏలూరు దగ్గర ఎదురైంది. విశాఖపట్నం నుంచి విజయవాడ వెళ్తున్న బస్సులో ఓ మహిళను తోటి ప్రయాణికుడు వేధించాడు. తెల్లవారుజామున ఆమె యాప్‌లో ఎస్ఓఎస్ నొక్కారు. కంట్రోల్ రూమ్ నుంచి ఏలూరు పోలీసులకు సమాచారం వెళ్లింది. నిమిషాల్లోనే బస్సు దగ్గరకు చేరుకుని నిందితుణ్ని అదుపులోకి తీసుకున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజు పని చేసింది బటన్. ఆమె చేతిలో ఫోన్ ఉంది, యాప్ తెరిచే వీలుంది. ఆ వీలు లేనివాళ్ల కోసమే దిశ యాప్‌లో ఫోన్ ఊపితే అలర్ట్ వెళ్లే ఏర్పాటు కూడా పెట్టారు. ప్రభుత్వం మారాక, 2025 మార్చి 8న మార్కాపురంలో శక్తి యాప్ ప్రారంభమైంది. యాప్ పేరు మారినా ప్రశ్న మాత్రం అదే. చేతి కదలికను ఫోన్ సరిగ్గా అర్థం చేసుకుంటుందా?

ఊపితే ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

ఫోన్ లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. స్క్రీన్ అడ్డంగా తిప్పగానే వీడియో కూడా తిరుగుతుంది కదా, అది దీని పనే. ఫోన్ బల్ల మీద కదలకుండా ఉన్నా ఇది సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల గురుత్వ త్వరణాన్ని చూపిస్తుంది. చేత్తో గట్టిగా ఊపితే ఆ అంకె రెండు మూడు రెట్లకు చేరుతుంది. అలా ముందుకూ వెనక్కూ, తక్కువ టైమ్‌లో కొన్నిసార్లు వరసగా జరిగితేనే యాప్ దాన్ని 'షేక్' అని లెక్కేస్తుంది.

మణికట్టు తిప్పితే కెమెరా తెరుచుకోవడం లాంటి వాటికి గైరోస్కోప్ కూడా కావాలి. ఫోన్ ఎటు, ఎంత వేగంగా తిరిగిందో చెప్పేది అదే. తక్కువ ధర ఫోన్లలో కొన్నింటిలో ఇది ఉండదు. యాక్సిలరోమీటర్ మాత్రం దాదాపు అన్ని స్మార్ట్‌ఫోన్లలో ఉంటుంది. అందుకే ప్రజలందరి కోసం చేసే యాప్‌కి ఊపడమే సులువైన సైగ.

ఆటో కుదుపులకు అలర్ట్ వెళ్తుందా?

ఒక్క గుంతలో పడితే సెన్సర్‌లో ఒకే ఒక్క పెద్ద కుదుపు కనిపిస్తుంది. దాన్ని వదిలేయడం యాప్‌కి కష్టం కాదు. కానీ పాడైన రోడ్డు మీద ఆటోలో హ్యాండ్‌బ్యాగ్ అటూ ఇటూ ఊగుతుంటే? బైక్ పౌచ్‌లో ఫోన్ ఎగిరెగిరి పడుతుంటే? అప్పుడు చేతి ఊపుకీ, బండి ఊపుకీ తేడా పట్టుకోవడం కష్టమే.

యాప్ తయారు చేసేవాళ్ల అసలు తలనొప్పి ఇదే. చిన్న ఊపుకే స్పందించేలా పెడితే తప్పుడు అలర్ట్‌లు పెరుగుతాయి. బాగా గట్టిగా ఊపితేనే పని చేసేలా పెడితే, భయంతో చేతులు వణుకుతున్న మనిషి ఊపు సరిపోకపోవచ్చు. చేయి ఎవరైనా పట్టుకుని ఉంటే ఊపడమే కుదరదు.

ఈ సమస్య పెద్ద కంపెనీలనూ వదల్లేదు. 2022లో యాపిల్ ఐఫోన్ 14లో కారు ప్రమాదాన్ని గుర్తించే ఫీచర్ తెచ్చింది. అమెరికాలో రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ల ఫోన్లు అది ప్రమాదమే అనుకుని ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చేశాయి. బటన్ ఉన్నంత మాత్రాన గొడవ ఉండదా అంటే, అదీ లేదు. పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లే ఆండ్రాయిడ్ ఫీచర్ వల్ల 2023లో బ్రిటన్ పోలీసులకు పొరపాటు కాల్స్ పెరిగాయి. మాట్లాడని ప్రతి కాల్‌ను పరిశీలించడానికి సిబ్బంది టైమ్ పోతుంది. ఆ టైమ్‌లో నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు లైన్‌లో ఎదురుచూడాల్సి వస్తుంది.

అసలు చిక్కు బ్యాటరీ సేవర్‌తో

చాలామందికి తెలియని విషయం ఇది. ఆండ్రాయిడ్ 9 నుంచి, బ్యాక్‌గ్రౌండ్‌లో ఊరికే ఉన్న యాప్‌కి యాక్సిలరోమీటర్ సమాచారం అందదు. యాప్ రహస్యంగా సెన్సర్లను వాడకుండా ఈ కట్టడి పెట్టారు. షేక్ పని చేయాలంటే, 'నేను నడుస్తున్నా' అని యాప్ నోటిఫికేషన్ బార్‌లో ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి.

ఇక్కడే తిరకాసు. చాలా ఫోన్లు చార్జింగ్ మిగల్చడం కోసం వాడని యాప్‌లను వాటంతట అవే ఆపేస్తాయి. ఎస్ఓఎస్ యాప్‌ని రోజూ ఎవరూ తెరవరు కదా. కాబట్టి ముందు ఆగిపోయేది అదే కావచ్చు. యాప్ ఇన్‌స్టాల్ చేశాం, ఓటీపీ కొట్టాం, ఇక భయం లేదనుకునే మహిళ ఫోన్‌లో ఆ యాప్ ఎప్పుడో నిద్రపోయి ఉండొచ్చు. ఎంత ఊపినా అటు వైపు ఏమీ మోగదు. ఎన్ని లక్షల డౌన్‌లోడ్లు అని చెప్పుకునే ప్రభుత్వాలు, వాటిలో ఎన్ని ఫోన్లలో యాప్ నిజంగా మెలకువగా ఉందో కూడా చూడాలి.

కొల్లేరు రైతుకి వేరే లాభం

ఇంతకీ సైగలన్నీ దండగేనా అంటే, కాదు. పని చిన్నదైతే అవి భలే ఉపయోగం. మోటోరోలా ఫోన్లలో చేతిని రెండుసార్లు గొడ్డలితో నరికినట్టు ఊపితే టార్చ్ వెలుగుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు రాత్రిపూట చేపల చెరువు గట్టు మీద తిరిగేవాళ్లకి ఇలాంటిదే కావాలి. తడి వేళ్లకి టచ్ స్క్రీన్ సరిగా పలకదు. కదలిక సెన్సర్‌కి తడితో పని లేదు. ఫోన్ బోర్లా పెడితే రింగ్ ఆగిపోవడం కూడా అంతే, గుడిలో ఉన్నప్పుడు పనికొస్తుంది.

తేడా ఒక్కటే. టార్చ్ వెలగకపోతే ఇంకోసారి ఊపుతాం. ఎస్ఓఎస్ వెళ్లకపోతే రెండో అవకాశం ఉండకపోవచ్చు.

బటన్‌ను మర్చిపోవద్దు

2016లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 2017 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి మొబైల్‌లో పానిక్ బటన్ ఉండాలి. కీప్యాడ్ ఫోన్లో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలని ఆ నిబంధన చెప్పింది. ఇప్పుడు కంపెనీని బట్టి మూడుసార్లో ఐదుసార్లో ఉంటోంది. ఇవి ఫోన్‌లోనే ఉండే ఏర్పాట్లు కాబట్టి, యాప్ ఆగిపోయినా పని చేస్తాయి. బ్యాగ్‌లో చేయి పెట్టి, చూడకుండానే నొక్కొచ్చు కూడా.

ప్రయాణానికి ముందు చూసుకోవాల్సినవి

• సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' తెరిచి, పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో చూసుకోండి. కాల్ 112కి వెళ్లేలా ఉందో లేదో చూడండి.
• ఎస్ఓఎస్ యాప్ ఉంటే, బ్యాటరీ సెట్టింగ్స్‌లో దానికి ఆంక్షలు తీసేయండి. 'ఆటోస్టార్ట్' ఉంటే ఆన్ చేయండి.
• మీ యాప్‌లో షేక్ ఆప్షన్ ఉందా, ఆన్‌లో ఉందా చూడండి. ఫోన్ అప్‌డేట్ అయ్యాక మళ్లీ ఒకసారి చూడండి.
• లొకేషన్ ఆన్‌లో ఉంచండి. లేకపోతే అలర్ట్ వెళ్లినా మీరు ఎక్కడున్నారో పోలీసులకు కచ్చితంగా తెలియకపోవచ్చు.
• టెస్ట్ చేద్దామని నిజమైన ఎస్ఓఎస్ పంపకండి. పొరపాటున వెళ్తే కాల్ కట్ చేయకుండా, పొరపాటు జరిగిందని చెప్పండి.

ఇంట్లో అమ్మకో, అక్కకో ఫోన్ కొనిచ్చినప్పుడు ఈ ఐదూ దగ్గరుండి సెట్ చేసి, పవర్ బటన్ ఎక్కడుందో చీకట్లో తడిమి చూసుకోమని చెప్పండి. పది నిమిషాల పని. ఆ తర్వాత షేక్ ఆప్షన్ పని చేస్తే మంచిదే. చేయకపోయినా వాళ్ల చేతిలో ఇంకో దారి ఉంటుంది.