రాత్రి పదకొండు దాటాక ఊరు చూడు తల్లీ

చిరంజీవి అమ్మలుకు, నీతోపాటు సోషల్ వర్క్ చదువులోకి వస్తున్న పిల్లలందరికీ తాతయ్య దీవించి రాయునది.

నిరాశ్రయుల మీద పీహెచ్‌డీ చేస్తానని, తర్వాత పాఠాలు చెప్పుకుంటూ ఈ పనిలోనే ఉండిపోతానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు ఎంత సంతోషపడ్డానో అంత బెంగా పెట్టుకున్నాను. బెంగ నీ గురించి కాదు బంగారూ, ఆ చదువు గురించి. మా రోజుల్లో ఎమ్మెస్‌డబ్ల్యూలో ఫీల్డ్‌వర్కే సగం చదువు. రాత్రి చూసింది పొద్దున్నే డైరీలో రాసుకెళ్తే, మాస్టారు పేజీ పక్కన ఎర్రసిరాతో "ఆవిడ అలా ఎందుకంది? మళ్లీ వెళ్లి అడుగు" అని రాసేవారు. 2010లో యూజీసీ అధ్యాపకుల పనికి పాయింట్లు కట్టడం మొదలుపెట్టాక పేపర్లకు విలువ పెరిగింది, డైరీలు దిద్దే సాయంత్రాలు తగ్గిపోయాయి. ఉద్యోగం నిలబెట్టుకోవాలి కాబట్టి నువ్వూ పేపర్లు రాయాల్సిందే, రాయి. ఆ సాయంత్రాలను మాత్రం వదులుకోకు.

ఎందుకంటావా? 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.73 లక్షల మంది. పదేళ్ల కిందటి 19.43 లక్షల కంటే తక్కువే కదా అనిపిస్తుంది. పట్టణాలు విడిగా చూస్తే 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగారు. అదైనా ఆ రాత్రి కంటబడ్డవాళ్ల లెక్కే. ఫుట్‌పాత్ మీది మనిషి దుకాణం షట్టర్ దించాకే నడుం వాలుస్తాడు, ఊడ్చేవాళ్లు రాకముందే లేచిపోతాడు. చెప్పులు ఎవరూ ఎత్తుకుపోకుండా కవర్‌లో చుట్టి తలకింద పెట్టుకుంటాడు, ఆధార్ కార్డు బనీను లోపల దాచుకుంటాడు. ఒంటరి ఆడవాళ్లు చాలామంది రాత్రంతా మేలుకుని, పగలు నలుగురు తిరిగేచోట కునుకు తీస్తారు. పగలు ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్లినవాళ్లకు ఆ ఆడవాళ్ల నిద్రలేమి ఎలా తెలుస్తుంది?

2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక నైట్ షెల్టర్‌ను కూల్చేశారు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు దాని మీద కోర్టుకు లేఖ రాస్తే, 2010లో ఆదేశాలొచ్చాయి. పట్టణాల్లో లక్ష జనాభాకు వంద మంది పట్టే ఒక షెల్టర్, ఏడాది పొడవునా ఉండాలన్నది అలా వచ్చిన కొలత. రోడ్డు మీద మనుషులు చలికి ఎలా ఉన్నారో చూసి చెప్పినవాళ్లు లేకపోతే ఆ కొలత వచ్చేది కాదు.

ఇక ముందు పని నీది. షెల్టర్‌లో మంచాలు ఖాళీగా ఉండి, పక్కవీధి ఫుట్‌పాత్ నిండుగా ఉంటే "వాళ్లకే రావడం ఇష్టం లేదు" అనే మాట వింటావు. నమ్మకు. తెల్లారేసరికి అడ్డా మీద లేకపోతే కూలి దొరకదు, షెల్టర్ చూస్తే అడ్డాకు దూరం. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి అంటే పెళ్లాంపిల్లలతో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? చిత్తుకాగితాలు ఏరేవాడి మూట లోపలికి రానివ్వకపోతే, ఆ రోజు సంపాదనను గుమ్మం బయట వదిలి ఎలా పడుకుంటాడు? ఈ సంగతులు ఏ ఫారంలోనూ ఉండవు. రెండోసారి, మూడోసారి వెళ్లి పక్కన కూర్చుంటే వాళ్లే చెబుతారు.

మా తరం ఒకటి చెయ్యలేకపోయింది, దాచను. అలసి పడుకున్న మనుషులను లేపి అడిగాం, అంతా ఇంగ్లీషులో రాసుకున్నాం, అది ఏమైందో మళ్లీ వాళ్ల దగ్గరకెళ్లి చెప్పలేదు. నువ్వు చెప్పు తల్లీ. నీ థీసిస్‌లో ఏం తేలిందో తెలుగులో నాలుగు పేజీలు రాసి, అదే ఫుట్‌పాత్ మీద కూర్చుని చదివి వినిపించు. తప్పంటే దిద్దుకో.

రాత్రిళ్లు ఒక్కదానివే వెళ్లకు, అన్నం తినకుండా బయల్దేరకు. చల్లగా ఉండు, నీ చేతిమీదుగా నలుగురికి మేలు జరగాలి. మొదటి ఫీల్డ్ డైరీ పూర్తవగానే నాకు పంపు, ఎర్రపెన్నుతో దిద్ది పంపిస్తాను.

ఆశీస్సులతో
తాతయ్య