మా పేరు చెప్పి వాళ్ల ఇళ్లు కూల్చకండి

నేను మూసీకి దిగువన, పాత నల్లగొండ జిల్లా పల్లెల్లో స్త్రీలతో పనిచేస్తున్నాను. హైదరాబాదు మురుగు, ఫ్యాక్టరీల విషం కలిసిన నీళ్లలో దిగి నాట్లేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్లే. కాళ్లకు దురదలు, పుండ్లూ వాళ్లకే. మూసీ బాగుపడాలని మాకంటే ఎక్కువగా కోరేదెవరు?

ఆ కోరికనే ఇప్పుడు సాకు చేసుకున్నారు. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ చుట్టుపక్కల బస్తీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు వేశారు. ఆ తర్వాత కూల్చివేతలు, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలింపులు. నవంబరు 8న ముఖ్యమంత్రి వలిగొండ మండలం సంగెం దగ్గర పాదయాత్ర చేశారు. నల్లగొండ కష్టం తీరాలంటే మూసీ ప్రాజెక్టు కావాలన్నారు.

బస్తీ ఖాళీ అయితే మా పొలాల్లోకొచ్చే నీళ్లు శుభ్రపడతాయా? మురుగు నగరమంతటిదీ. అపార్టుమెంట్లదీ, ఆసుపత్రులదీ, ఫ్యాక్టరీలదీ. దాన్ని పుట్టిన చోటే శుద్ధి చేయకుండా ఒడ్డున పార్కులు వేస్తే అది పర్యావరణం కాదు, అలంకారం.

పాచిపని చేసుకు బతికే స్త్రీకి ఇల్లంటే నాలుగు గోడలేనా? నడిచి వెళ్లగల పని, పిల్లల బడి, ఆపదలో ఆదుకునే ఇరుగుపొరుగు. నదీ తీరపు లెక్కలో ఈ బతుకులకు చోటు లేదా? వరద ముంచే ఇళ్లున్నాయి, నిజమే. ఆ ఇళ్ల ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నాకే, పనికి దగ్గరలో, వాళ్ల పేరున పట్టాతో ఇళ్లివ్వాలి.

ముందు మురుగు ఆపండి. బస్తీ అక్కచెల్లెళ్లకూ మాకూ తగువు పెట్టకండి. మేమూ వాళ్లూ ఒకే నది బాధితులం.