స్లాబు తడపడానికి పద్దు ఏదీ?

వంతెన స్లాబు మీద పగుళ్లు కనిపిస్తే అందరూ ముందు సిమెంటునే అనుమానిస్తారు. నేను మాత్రం ఏ నెలలో పోశారు, పగలు ఎన్ని గంటలకు పోశారు, ఎన్నాళ్లు తడిపారు అని అడుగుతాను. వంతెనల పనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఈ అలవాటు ఒక తప్పు చేశాక అబ్బింది.

ఖమ్మం వైపు ఒక వాగు మీద పని. స్లాబును మోసే గర్డర్లు ఎక్కించి ఆర్నెల్లయింది. వానలు పడేలోగా స్లాబు అయిపోవాలని పైనుంచి ఒత్తిడి. రోహిణి కార్తె. మా మేస్త్రి అన్నాడు: "సారూ, రోళ్లు పగిలే ఎండ ఇది. పొద్దుగూకినాక పోద్దాం." కాంక్రీటు లారీలు అప్పటికే బయల్దేరాయి. పొయ్యమన్నాను.

పదిన్నరకు మొదలుపెట్టాం. వడగాలి కొడుతోంది. చదును చేసిన చోట అరగంటకే తడి మెరుపు పోయింది. సాయంత్రానికి కోడి గీరినట్టు సన్నటి గీతలు. గోనెపట్టలు కప్పించాం. ట్యాంకరు రెండు రోజులు వచ్చింది, మూడో రోజు ఇంకో పనికి పోయింది. అయిదో రోజుకు పట్టలు అప్పడాల్లా ఎండిపోయాయి. వానాకాలం వెళ్లాక స్లాబు కిందికి దిగి చూస్తే అడ్డంగా పగుళ్లు, వాటి వెంట తెల్లటి సున్నపు చారలు.

గట్టిపడడానికి సిమెంటు తన బరువులో దాదాపు పావు వంతు నీళ్లనే పట్టుకుంటుంది. పోయడానికి వీలుగా ఉండాలని మనం కలిపేది అంతకంటే ఎక్కువ. ఆ మిగులు నీళ్లు సన్నటి రంధ్రాల్లోంచి ఆవిరైపోతూ కాంక్రీటును లోపలికి లాగుతాయి. గాలిలో తేమ ఉంటే ఇది నెమ్మదిగా సాగుతుంది. మే నెల గాలి మాత్రం పీల్చేస్తుంది. వానాకాలంలో మళ్లీ కాస్త నీరు తాగి ఉబ్బినా, మొదటి కొలతకు పూర్తిగా రాదు.

కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 లెక్కలో ఈ కుంచించుకుపోవడం మీటరుకు సుమారు 0.3 మిల్లీమీటర్లు. 25 మీటర్ల స్లాబుకు 7.5 మిల్లీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. అడ్డు లేకుండా తగ్గనిస్తే ఒక్క పగులూ రాదు. కానీ కింది గర్డర్లు ముందే పోసినవి, తగ్గాల్సింది చాలావరకు తగ్గిపోయాయి. కొత్త స్లాబు తగ్గబోతే కడ్డీలతో పట్టుకుని కూర్చున్న ఆ పాత గర్డర్లు కదలనివ్వవు. ఆ పెనుగులాటలో లేత కాంక్రీటు ఓడిపోతుంది. తడిపి ఉంచితే ఆరడం వాయిదా పడుతుంది, అంతలో దానికి బలం వస్తుంది.

ఎండకు సాగడం, చలికి తగ్గడం వేరే సంగతి, అది ఏటా వచ్చిపోయే కదలిక. 1997లో పూర్తయిన రాజమహేంద్రవరం ఆర్చి రైలు వంతెనలో ఒక్కో స్పాను 97.55 మీటర్లు. అంత పొడవున్న కాంక్రీటుకు 30 డిగ్రీల తేడా వస్తే మూడున్నర సెంటీమీటర్లు మారుతుంది. బేరింగులు, జాయింట్లు పెట్టేది అందుకే. (రోడ్డు వంతెనల మీద జాయింట్లను తారుతో కప్పేసి, నున్నగా వచ్చిందని మురిసేవాళ్లనేమనాలో!)

స్లాబు సరిగ్గా తడపకపోవడం నియమాలు లేక కాదు. ఎండల్లో కాంక్రీటు పనికి ఐఎస్ 7861 అనేది 1975 నుంచీ ఉంది. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలని ఐఎస్ 456 చెబుతోంది. లేనిది డబ్బు. ఇలా తడిపి ఉంచడానికి, అంటే క్యూరింగుకు అయ్యే ఖర్చు మామూలుగా కాంక్రీటు ధరలోనే కలిసిపోతుంది. పోసిన క్యూబిక్ మీటర్లకు బిల్లు వస్తుంది, తడిపిన రోజులకు రాదు. అలాంటప్పుడు మూడో రోజు ట్యాంకరు ఎందుకొస్తుంది?

నేను అడిగేది చిన్న మార్పు. క్యూరింగును విడి పద్దుగా రాయండి, చదరపు మీటరుకు, రోజుకు ఇంత అని. తడిపిన రోజులు రిజిస్టరులో ఎక్కితేనే చెల్లించండి. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పని పొద్దుగూకాకే మొదలుపెట్టాలని ఒప్పందంలోనే పెట్టండి. ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. పగుళ్లలో రసాయనం ఎక్కించే పనికి మాత్రం అడగ్గానే విడి అంచనా మంజూరవుతుంది. ఆ వాగు వంతెనకు అలాంటిది నేనే తయారుచేశాను. అంతకుముందు రాసిన అసలు అంచనాలో నీళ్ల కోసం ఒక్క వరుస కూడా లేదు. అదీ నా చేతిరాతే.