చెరువు తవ్వినవాడికి పేరుంది, పూడిక తీసినవాడికో?



సప్తసంతానాల జాబితాను నా కొలువు కాలంలో ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాసి ఉంటానో లెక్క లేదు. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు. వీటిలో ఏ ఒక్కటి నిలిపినా మనిషి పోయిన తరువాత పేరు మిగులుతుందని పెద్దల మాట. ఆ పాఠంలో ఒక వెలితి ఉన్నదని మొన్నటి వేసవిలో గాని నాకు తట్టలేదు. తటాకం తవ్వించడం అందులో ఉన్నది. ఏటేటా దాని పూడిక తీయించడం లేదు. గుడి కట్టించడం ఉన్నది; గోపురం మీద మొలిచిన రావిమొక్కను పీకించడం లేదు. జీర్ణోద్ధరణ పుణ్యకార్యమని శాస్త్రం చెప్పింది కదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. నిజమే. కాని అది జీర్ణమైన తరువాతి సంగతి. జీర్ణం కాకుండా కాపాడుతూ వచ్చినవాడికి పుణ్యమేమిటో, పేరేమిటో నాకు తెలిసినంతలో ఏ కావ్యావతారికా చెప్పలేదు.

ఈ వెలితిని నాకు చూపినది ఏ ప్రబంధమో కాదు. విద్యుద్వలయాలు గీసే ఒక సాఫ్ట్‌వేరు. తెలుగు పండితుడికి వలయాలతో పనేమిటని నవ్వుకొనేవారు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

నా మేనకోడలి కూతురు నరసరావుపేటలో ఇంజనీరింగు చదువుతున్నది. సెలవులకు మా ఇంటికి వచ్చి, రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గీతలు గీస్తున్నది. మిరప చేలో నేల తేమను కొలిచి, చాలినంత తడి అందగానే మోటారును ఆపివేసే చిన్న పరికరం ఆమె బృందం తలపెట్టిన ప్రాజెక్టు. మొదట ఏ భాగం దేనితో కలవాలో చూపే పటం గీయాలి. ఆ తరువాత అదే పటాన్ని వేలెడంత పలక మీద రాగి దారులుగా పరచాలి. ఒక దారి మరొక దారిని తాకరాదు. ఛందస్సులో గణభంగం వంటిదన్నమాట. ఒక్కచోట తప్పితే పద్యమంతా చెడినట్లే.

"దీని ఖరీదెంత అమ్మాయ్?" అని అడిగాను.

"ఉచితం తాతయ్యా. కీక్యాడ్ అంటారు. మా సీనియర్లు తాళం పగులగొట్టిన ఖరీదైన సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళు. మాకు ఆ అవసరం లేదు."

"చేసినవాళ్ళకు జీతమెవరిస్తారు?"

"ఉచితమన్నాను కదా" అన్నది, నా ప్రశ్న అర్థం కానట్లు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. అయితే ఆమెను తప్పుపట్టే అర్హత నాకున్నదా అని తరువాత ఆలోచించాను. ఈ జాలంలో నా మొదటి వాక్యం వీవెన్ గారి లేఖినిలో రాసినదే. తెర మీద చదువుకొన్న తొలి తెలుగు అక్షరాలు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన ఖతిలో ఉన్నవే. వీరిలో ఎవరికీ నేను ఏనాడూ ఒక రూపాయి పంపలేదు. పంపాలన్న తలపు కూడా రాలేదు. మీలో చాలామంది పరిస్థితి కూడా ఇదే అయి ఉంటుందని నా అనుమానం, తప్పైతే మన్నించండి.

ఆ రాత్రి నుండి కొన్నాళ్ళపాటు ఈ కీక్యాడ్ పూర్వోత్తరాలు చదివాను. 1992లో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్‌లో జాఁ-పియేర్ షారాస్ అనే ఆయన దీనిని మొదలుపెట్టారు. ఆయన అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో ఉపాధ్యాయుడు! ఈ ఒక్క మాటతో నాకు ఆయన మీద బంధుప్రీతి కలిగిందని ఒప్పుకొంటాను. మూలమంతా బహిరంగమే, ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, పంచవచ్చు. చాలా ఏండ్లు తీరిక వేళల పనిగానే సాగింది. 2010 దశకం మొదట్లో జెనీవా దగ్గరి సెర్న్ అణు పరిశోధన సంస్థ తన మనుషులను ఈ పనికి కేటాయించింది. దారులను ఒకదానినొకటి నెట్టుకుంటూ సర్దుకొనేలా చేసే సౌకర్యం వారి చలవే. 2019లో ఈ ప్రాజెక్టు లినక్సు ఫౌండేషన్ నీడకు చేరింది. రుసుము తీసుకుని సంస్థలకు సహాయపడే కీక్యాడ్ సర్వీసెస్ అనే కంపెనీని దీని రచయితలలో కొందరు స్థాపించినదీ ఆ కాలంలోనే. డిజికీ వంటి విడిభాగాల వర్తకులు, పలకలు తయారుచేసే కంపెనీలు విరాళాలిస్తున్నాయి. ఆ వర్తకుల ధర్మంలో స్వార్థం లేకపోలేదు. ఉండడమే మంచిదని నా అభిప్రాయం. స్వార్థం ఉన్నవాడు వచ్చే ఏడు కూడా ఇస్తాడు.

మరి ఆ డబ్బుతో జరిగే పనేమిటి? సాఫ్ట్‌వేరు ఇనుప వస్తువు కాదు కదా, తుప్పు ఎట్లా పడుతుందని నేనూ అనుకొన్నాను. సాఫ్ట్‌వేరు ఉన్నచోటనే ఉంటుంది, దాని కింది నేల కదులుతుంది. విండోస్ మారుతుంది, లినక్సు మారుతుంది, యాపిల్ వారు 2020లో యంత్రపు గుండెకాయనే మార్చివేశారు. కిటికీలు, మీటలు గీసిపెట్టే ఉపగ్రంథాలు మారుతాయి. పదేండ్ల నాడు గీసిన పటం నేటి రూపాంతరంలోనూ తెరుచుకోవాలి. వీటన్నిటికీ మించి భాగాల భాండాగారం ఒకటున్నది. ప్రపంచంలో కొత్తగా వచ్చే చిప్పుల కాళ్ళు ఎన్ని, వాటి నడుమ దూరమెంత అన్నది కొలతలతో సహా అందులోకి ఎక్కించాలి. మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చినా పలక మీద చిప్పు కూర్చోదు, పెట్టిన డబ్బు మట్టిపాలు. దీనికి కేఎల్‌సీ అని నియమావళి ఉన్నది. పేరు పెట్టే పద్ధతి, గీత మందం, అక్షరాల ఎత్తు అన్నీ అంకెలు వేసిన సూత్రాలు. బాలవ్యాకరణం వల్లెవేసినవాణ్ణి కనుక అది చదువుతుంటే నాకు చిన్నయసూరి గుర్తుకు వచ్చారు. ఈ పని చేసేవారిలో అధికులు స్వచ్ఛందంగా చేసేవారే. కొత్త సౌకర్యం చేర్చినవాడిని నలుగురూ మెచ్చుకొంటారు. కొలత సరిచూసినవాడి పేరు ఎవరికీ తెలియదు.

పూడిక తీయకపోతే ఏమవుతుందో చూపడానికి ఉదాహరణలకు కరువు లేదు. 1998లో ఆలెష్ హ్వెజ్దా మొదలుపెట్టిన జీఈడీఏ అనే ఇటువంటి పరికరమే ఒకప్పుడు లినక్సు వాడేవారికి దిక్కు. చేసేవారు తగ్గారు, కొందరు వేరు శాఖ పెట్టుకొన్నారు, జనం కీక్యాడ్ వైపు తరలిపోయారు. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేరుకు ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. జర్మనీలో పుట్టి, విద్యార్థులకు ఎంతో అలవాటైన ఈగిల్‌ను 2016లో ఆటోడెస్క్ కంపెనీ కొన్నది. మరుసటి ఏడే దానిని చందా పద్ధతికి మార్చింది. 2026 జూన్ 7తో ముగించివేస్తామని 2023లోనే ప్రకటించింది. యజమాని ఒక్కడే అయిన చెరువుకు గండి కొట్టాలన్నా ఆ ఒక్కడే చాలు. ఇక 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం సంగతి మీకు తెలిసినదే. లోకంలోని సగం వ్యాపారం ఏ తాళం మీద ఆధారపడి ఉన్నదో, ఆ ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌కు అప్పటిదాకా ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు!

మన ప్రభుత్వం ఏమీ చేయడం లేదనను. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ బృందం కేంద్ర విద్యాశాఖ నిధులతో ఈసిమ్ అనే పరికరాన్ని రూపొందించింది. కీక్యాడ్‌నూ, వలయం నడిచే తీరును ముందుగా లెక్కగట్టి చూపే ఎన్‌జీస్పైస్‌నూ జతచేసి కట్టినదది. మన కళాశాలల పిల్లలు కూడా దానిని నేర్చుకొంటున్నారు, సంతోషం. కాని 2015లో కేంద్రం వెలువరించిన విధానపత్రం శీర్షిక చూడండి: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు "స్వీకరణ" విధానం. మా శాస్త్రాలలో స్వీకరించేవాడిని ప్రతిగ్రహీత అంటారు. ప్రతిగ్రహానికి ప్రాయశ్చిత్తాలు కూడా ఉన్నాయి లెండి. జర్మనీ ప్రభుత్వం 2022లో ఇటువంటి పునాది సాఫ్ట్‌వేర్ల పోషణ కోసమే ప్రత్యేకంగా ఒక నిధిని ఏర్పరచింది. అటువంటిది మనకు వస్తుందేమోనని కూర్చుంటే కాలం గడుస్తుంది. మన ఊరి కళాశాల చేయగలిగినదేమిటన్నదే నా ప్రశ్న.

దీనికి జవాబు నా చిన్ననాటి జ్ఞాపకంలో ఉన్నది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలారు. మా పల్నాటి మెట్టకు కుడికాలువ నీరు వచ్చిన కొత్తలో, నీళ్ళు వదలబోయే ముందు మా పంటకాలువ బాగు చేసుకోవడానికి ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఇంటికొక మనిషి పార పట్టుకొని రావాలి. రాలేనివాడు ఒక కూలి డబ్బు కట్టాలి. ధనికుడైనా సరే, ఎకరం రైతైనా సరే. సర్కారుకు కట్టే నీటి తీరువా వేరు, ఇది వేరు. మా నాయన బడిపంతులు, పార పట్టడం చేతకాదు; ఆయన ఏటా కూలి డబ్బే కట్టేవాడు. 1997 చట్టంతో రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి సంఘాలు ఏర్పడ్డాయి. సంఘం కాగితం మీద ఉన్నంత మాత్రాన గుర్రపుడెక్క దానంతట అది పోదని చివరి భూముల రైతును అడిగితే చెబుతాడు. పాత కట్టుబాటులో బలమంతా ఆ "లేదా"లో ఉన్నది: పని, లేదా కూలి. అంతకు ముందటి కాలంలో చెరువు కట్టినవానికీ బాగుచేసినవానికీ దశబంధం పేరిట మాన్యమిచ్చేవారు. కావ్యం చెప్పని సంగతిని శాసనం చెప్పింది. అనుభవించే నీటి నుండే పూడికతీతకు భాగం తీసిపెట్టే ఏర్పాటు మనకు కొత్త కాదు.

కనుక నేను కోరేది ఇంతే. కీక్యాడ్ వంటి దానితో పాఠం చెప్పే ప్రతి ఇంజనీరింగు కళాశాలా ప్రయోగశాల రుసుములో ఏ కొంచెమో ఏటా దానికి తీసిపెట్టాలి. లేదా తన విద్యార్థుల చేత ఏటా కొంత పని చేయించి అప్పగించాలి. కొలతలు సరిచూడడం, లోపాలు కనిపెట్టి చెప్పడం, తెలుగులో పాఠాలు రాయడం, ఏదైనా సరే.

ఈ మాటను ఒక కళాశాలలో పనిచేస్తున్న నా పూర్వవిద్యార్థితో అన్నాను. అతడు నవ్వి, "మాస్టారూ, బిల్లు లేనిదే మా ఆఫీసులో చెక్కు కదలదు. ఉచిత వస్తువుకు బిల్లెవరిస్తారు? ఆడిటరుకు ఏమని చెప్పాలి?" అన్నాడు. తోసిపుచ్చదగిన మాట కాదిది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేరుకు బిల్లున్నది కనుక అది సక్రమం. ఉచితంగా వచ్చినదానికి వెయ్యి రూపాయలిస్తే అది అక్రమం! కీక్యాడ్ సర్వీసెస్ వంటివారి వద్ద సహాయ ఒప్పందం కొంటే బిల్లు వస్తుందని నేను చెప్పాను. అది కంపెనీలకు సరిపోయేంత ధరలో ఉంటుంది, మన ఊరి కళాశాలకు కాదని అతడన్నాడు. అంతదూరం డాలర్లలో విరాళం పంపడం కూడా తేలిక కాదన్నాడు. ఇంకొక అభ్యంతరం కూడా తెచ్చాడు: "పిల్లల చేత ఊరికే చాకిరీ చేయించినట్లు అవదా?" ఇది నన్ను కొంత ఆలోచింపజేసింది. మార్కులు ఇవ్వకుండా చేయిస్తే నిశ్చయంగా చాకిరీయే. ప్రాజెక్టు మార్కులలో దానికి వాటా ఇస్తే చదువే. ఎవరూ చూడని నివేదికలను ఏటా కట్టలు కట్టి అటక మీద పడేస్తున్నాం కదా, వాటిలో ఒక్కటైనా లోకానికి పనికిరానీయండి. మొత్తం మీద డబ్బు దారి మూసుకొన్నచోట పార దారి ఎప్పుడూ తెరిచే ఉన్నది.

ఇంతకూ మా అమ్మాయి సంగతి. తన పరికరంలో వాడిన ఒక విడిభాగం బొమ్మ భాండాగారంలో లేదని తెలిసి, తానే గీసి పంపింది. నాలుగో నాటికి జవాబు వచ్చింది. గీత మందం సూత్రప్రకారం లేదని, కొలతలకు ఆధారమైన కంపెనీ పత్రం లంకె జతపరచలేదని, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన సూత్రం సంఖ్యతో సహా ఎత్తిచూపాడు. ఆమె దిద్ది పంపింది. మళ్ళీ తిప్పిపంపాడు, ఈసారి ఒక కాలు అంకె తప్పు. "ఇంత చిన్నదానికి ఇన్నిసార్లా తాతయ్యా!" అని విసుక్కొన్నది. నలభై నోటుపుస్తకాలు ఎర్రసిరాతో దిద్దిన రాత్రులు గుర్తుకు వచ్చి నేను మాట్లాడలేదు. మూడోసారి పంపి పదిరోజులైంది. ప్రాజెక్టు మార్కులలో దీనికి వాటా ఇమ్మని వారి శాఖాధిపతికి నేను రాసిన ఉత్తరం కూడా ఆమె చేతికే ఇచ్చి పంపాను. రెండింటికీ జవాబు రావలసి ఉన్నది.