దిష్టి కాదు, మన పొరపాటే!

"పోన్లే అమ్మాయ్, మన మీదికి రావలసిందేదో అవి తీసుకుపోయాయి!"

మా ఇంట్లో అక్వేరియంలో చేపలు వరసపెట్టి చచ్చిపోతుంటే ఎదురింటి పిన్నిగారు అన్న మాట ఇది. ఆవిడ మనసు మంచిది. నన్ను ఓదార్చాలనే అన్నారు. కానీ ఆ మాట విన్న మా తొమ్మిదేళ్ల అమ్మాయి రాత్రి పక్కలో చేరి అడిగింది. "అమ్మా, మనకి రావలసిన కష్టం వాటికెందుకు వచ్చింది? అవేం చేశాయి పాపం?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కోబోతేనే అసలు సంగతి తెలిసింది.

అమ్మాయి పుట్టినరోజుకని రెండడుగుల గాజుతొట్టి కొన్నాం. చీరల కొట్టుకి వెళ్లినట్టే చేపల కొట్టుకి వెళ్లాం. ఆ ఎర్రటివి బాగున్నాయి, ఈ నీలిచార మెరిసిపోతోంది, ఆ చారలవి ఇంకో రెండు వెయ్యండి... అంతే! రెండు గోల్డ్‌ఫిష్, నాలుగు నియాన్ టెట్రాలు, రెండు ఏంజెల్ చేపలు, అయిదు టైగర్ బార్బులు. "గాజుకి పట్టిన పాచి తినేస్తుందమ్మా" అంటూ కొట్టతను ఇచ్చిన సక్కర్ చేప ఒకటి. గులాబీ రంగు ప్లాస్టిక్ మొక్కలు సరేసరి. ఏది దేనితో ఇముడుతుందో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ సాయంత్రమే నీళ్లు నింపి అన్నిటినీ వదిలేశాం.

మూడోనాటికి టెట్రాలు రెండే కనిపించాయి. ఏంజెల్ చేప చూడ్డానికి ఎంత వయ్యారమో, నోట్లో పట్టే చేపని మింగడానికీ అంత ఒడుపు. టైగర్ బార్బులు ఏంజెల్స్ పొడుగాటి రెక్కల్ని పీకి పీలికలు చేశాయి. గోల్డ్‌ఫిష్ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరిచి రొప్పాయి. పది రోజుల్లో పద్నాలుగింటిలో పదకొండు పోయాయి. మిగిలినవి రెండు బార్బులు, ఆ సక్కర్.

ఇందులో దిష్టి ఎక్కడుంది చెప్పండి? పిల్లకి సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీస్తామే! పుట్టిన చోటు వేరు, తిండి వేరు, తత్వం వేరు అయిన ప్రాణుల్ని ఒక గాజుతొట్టిలో పడేసేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగం? పైగా అవి చస్తే మన దిష్టి పోయిందని సంబరపడి మళ్లీ కొంటాం. ఆ ఒక్క మాట వల్లే ఏం తప్పు చేశామో మనకెప్పటికీ తెలియకుండా పోతోంది.

నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, చేపని రంగు చూసి కాదు, మన ఇంటి నీళ్లు చూసి ఎంచుకోవాలని. మీ బోరునీళ్లలో సబ్బు నురగ రాదా? కందిపప్పు ఓ పట్టాన ఉడకదా? బకెట్‌కి తెల్లటి చార కడుతుందా? అయితే అవి కఠిన జలాలు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ ఈ నీళ్లలో హాయిగా బతుకుతాయి. నియాన్ టెట్రా అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్లలోది, బోరునీళ్లు దానికి పడవు. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ల చేప. మన ఎండాకాలంలో తొట్టి నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. పైగా అది అరచేతిని మించి పెరుగుతుంది, మలినం ఎక్కువ వదుల్తుంది, లేత మొక్కల్ని మేసేస్తుంది. దాన్ని గుండ్రటి గాజుగిన్నెలో ఒంటరిగా పెట్టి మురిసిపోవడం ఏం ముచ్చటో నాకిప్పుడు అర్థం కాదు.

రెండోది స్వభావం. మగ ఫైటర్ చేపలు రెండింటిని కలిపి ఉంచితే ఒక ఒరలో రెండు కత్తులే. గప్పీల్లో మగవాటి సంఖ్య ఎక్కువైతే ఆడవాటిని క్షణం కుదురుగా ఉండనివ్వవు. వెంటబడి వెంటబడి విసిగిస్తాయి. అందుకే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలంటారు. (నవ్వకండి, నిజమే!) మన దేశపు వాగుల్లో పుట్టిన జీబ్రా చేప గుంపు మనిషి లాంటిది. ఒకటీ అరా తెస్తే బెంగపడి దాక్కుంటుంది, ఆరు తెస్తే తొట్టంతా సందడే.

మూడోది మొక్కలు. ప్లాస్టిక్ మొక్కకి రంగు తప్ప ఏముంది? పైన పటారం, లోన లొటారం! చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా వదుల్తాయి. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గానూ, ఇంకో రకం నైట్రేట్‌గానూ మారుస్తాయి. మొదటి రెండూ చేపలకి విషం. మూడోది మితంగా ఉంటే ఫర్వాలేదు. ఈ సూక్ష్మజీవులు ఇసకలో, ఫిల్టరు స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా గోల్డ్‌ఫిష్ రొప్పింది ఇందుకే. ఇల్లు సిద్ధం కాకుండానే గృహప్రవేశం చేయించాం! ప్రాణమున్న మొక్కలైతే ఆ అమ్మోనియానీ నైట్రేట్‌నీ తామూ పీల్చుకుని పెరుగుతాయి.

మొక్కల్లోనూ పొత్తు చూసుకోవాలి. రిబ్బన్లలాంటి ఆకులుండే వాలిస్‌నేరియా మన కఠిన జలాల్లో బాగా పెరుగుతుంది. అంటే గప్పీలకీ దానికీ జోడీ కుదిరినట్టే. హార్న్‌వర్ట్‌కి ఇసక కూడా అక్కర్లేదు, తేలుతూ పెరుగుతుంది. గప్పీ పిల్లలు పెద్దవాటి నోట్లో పడకుండా దాక్కునేది అందులోనే. జావా ఫెర్న్, అనూబియాస్ తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి. వాటి దుంపని ఇసకలో పాతితే కుళ్లిపోతుంది, రాయికో కర్రకో దారంతో కట్టాలి. లైటు రోజుకి ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండ నేరుగా పడితే మొక్కల కంటే నాచే ముందు పెరుగుతుంది. రాత్రిపూట మొక్కలూ ప్రాణవాయువు వాడుకుంటాయి కాబట్టి గాలి పంపు ఆపకూడదు.

ఇక నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇత్తడి బిందె తోమినట్టు తొట్టి తోమేదాన్ని. నీళ్లన్నీ పారబోసి, ఇసక కడిగి, స్పాంజిని కుళాయి కింద పిండి... ఎంత శుభ్రమో! కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి ఆ మంచి సూక్ష్మజీవులన్నీ చచ్చేవి. నా శుభ్రతే వాటి పాలిట శాపమైంది. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కొత్త నీళ్లలో క్లోరిన్ పోయే మందు చుక్కలు వేసుకుంటే నిశ్చింత.

మళ్లీ మొదలుపెట్టే ముందు ఆ రెండు బార్బుల్నీ, సక్కర్‌నీ కొట్టతనికే తిరిగి ఇచ్చేశాం. "ఊరి చెరువులో వదిలెయ్యరాదూ, పుణ్యం" అన్నారు కొందరు. వద్దు తల్లీ! కొనేటప్పుడు వేలెడంత ఉండే ఆ సక్కర్ అడుగు పైన పెరుగుతుంది. అలా వదిలిన జాతే ఇవాళ మన చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేపగా జాలర్ల వలల్లో పడుతోంది. దాని ముళ్లు వలల్ని చింపేస్తున్నాయి. పుణ్యమనుకుని ఒకరి కూటికి గండి కొట్టడం అది.

ఈసారి ముందు మొక్కలు నాటాం. చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ నెలన్నర ఆగాం. "ఖాళీ తొట్టికి లైటెందుకే?" అని మా అత్తగారు నవ్వారు. పరీక్ష చుక్కలతో అమ్మోనియా, నైట్రైట్ లేవని తేలాకే ఆరు జీబ్రా చేపలు తెచ్చాం. ఇంకో పదిహేను రోజులకి రెండు మగ గప్పీలు, నాలుగు ఆడవి. ఏడాది దాటింది, తొట్టి పచ్చగా ఉంది. పుట్టిన గప్పీ పిల్లల్ని తొట్టి ఉన్నవాళ్లకి అడిగి మరీ ఇస్తున్నాం.

చాకిరీ కూడా పంచుకున్నాం. మేత అమ్మాయిది, బకెట్లు మోసేది మావారు, మొక్కల కత్తిరింపు నాది. ముచ్చట ఇంటిల్లిపాదిదీ, చాకిరీ అమ్మదీ అయ్యే పనైతే తొట్టి కొనకండి. నా మాట వినండి.

మొన్న ఒక ముసలి జీబ్రా చేప పోయింది. పిన్నిగారు మళ్లీ ఏదో అనబోయారు. మా అమ్మాయే అందుకుంది. "దిష్టి కాదు బామ్మగారూ. నీళ్లు చూశాను, బాగానే ఉన్నాయి. దానికి వయసైపోయింది."

ఆ రాత్రి అది నన్నేమీ అడగలేదు. హాయిగా నిద్రపోయింది.