చూసి కొనుక్కోవాలట!

కుండ కొన్నా తట్టి చూసి కొంటాం. మరి పిస్టల్ కొంటూ పరీక్షించకుండా తెచ్చుకుంటామా? కూడదు, ఒప్పుకుంటాను. అమెరికాలో మనవాళ్ళు కొందరు బంగారం దొంగల భయంతో తుపాకీ కొందామనుకుంటున్నారు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి. కానీ "కొనేవాడే చూసుకోవాలి, మధ్యలో గవర్నమెంటుకేం పని?" అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు కౌంటర్ దగ్గర మనం ఏం చూడగలం? (హెచ్1బీ మీదున్న వాళ్ళు ముందు చట్టం చూసుకోండి. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు లేకపోతే తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం.) అమ్మేవాడు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్ ఖాళీ అని చూపిస్తాడు. మన చేతికొచ్చాక మనమూ మళ్ళీ చూసుకోవాలి, కంటితోనూ వేలితోనూ. గొట్టం మూతి ఎవరివైపూ తిరగకూడదు. స్లైడ్ ఎక్కడైనా పట్టేస్తోందా, బటన్ నొక్కితే మ్యాగజైన్ జారుతోందా, సైట్లు వంకరగా ఉన్నాయా, గొట్టం లోపల తుప్పుందా చూడాలి. అడిగి, సరేనంటేనే ట్రిగ్గర్ నొక్కాలి. సీరియల్ నంబర్ తుపాకీ మీదా కాగితాల్లోనూ ఒకటేనా? వేలు ట్రిగ్గర్‌కి సరిగ్గా అందుతోందా? స్లైడ్ లాగే బలం మనకుందా?

ఇవన్నీ చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. కానీ మన భాషలో దీన్ని స్మోక్ టెస్ట్ అంటారు. బిల్డ్ లేచిందా లేదా అంతే. డిజైన్‌లో ఉన్న బగ్ ఇందులో దొరకదు.

నమ్మకం లేకపోతే సిగ్ సావర్ పీ320 సంగతి చూడండి. 2017 జనవరిలో అమెరికా సైన్యం ఏరికోరి ఎంచుకున్న డిజైన్ అది. అదే ఏడాది ఆగస్టులో, ఒక కోణంలో వెనకభాగం మీద కిందపడితే పేలుతోందని బయటపడింది. అమెరికా పరిశ్రమ ప్రమాణాల పరీక్షలన్నీ పాసయిందనే కంపెనీ చెప్పింది. అయ్యుండొచ్చు! ఆ కోణం టెస్ట్ కేసుల్లో లేకపోతే పాసవకేం చేస్తుంది? కౌంటర్ దగ్గర తుపాకీని నేలకేసి కొట్టి చూసే కస్టమర్ ఎవడైనా ఉంటాడా?

అప్పుడు కంపెనీ ఇచ్చినదాని పేరు రీకాల్ కాదు, "వాలంటరీ అప్‌గ్రేడ్". ప్రొడక్షన్‌లో క్రాష్ అయ్యే కోడ్‌కి ప్యాచ్ ఇస్తూ, ఇష్టముంటే వేసుకోండి అన్నట్టు.

అలా ఎలా కుదిరిందంటే, బలవంతపెట్టే వాళ్ళు లేరు కాబట్టి. వస్తువుల భద్రత చూసే ఫెడరల్ కమిషన్‌ని పెట్టిన 1972 చట్టంలోనే తుపాకుల్ని మినహాయించారు. బొమ్మ తుపాకీలో లోపముంటే ఆ కమిషన్ వెనక్కి రప్పించగలదు. అసలు తుపాకీని రప్పించలేదు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా డ్రాప్ టెస్టులు పెట్టుకున్నాయి. మిగతాచోట్ల కంపెనీ మాటే ప్రమాణం.

"ఆ అధికారమిస్తే దాన్నడ్డం పెట్టుకుని తుపాకులు నిషేధిస్తారు" అంటారు. ఊరికే పుట్టిన భయం కాదులెండి. 1974లో పిస్టల్ తూటాల్ని నిషేధించమని కమిషన్‌కి పిటిషన్ వెళ్ళింది, 1976లో కాంగ్రెస్ తూటాల మీదా చేతులు కట్టేసింది. సరే, నిషేధించే అధికారం వద్దనే రాయండి. లోపమున్నదాన్ని వెనక్కి పిలిచే అధికారం మాత్రం ఇవ్వండి. డిలీట్ పర్మిషన్ ఇవ్వడం ఇష్టం లేక బగ్ రిపోర్టింగే మూసేస్తామా?

కోర్టుకెళ్ళొచ్చు కదా అంటారా? పీ320 మీద కేసులు చాలానే పడ్డాయి. 2024లో జార్జియాలో ఒక జ్యూరీ బాధితుడికి 23.5 లక్షల డాలర్లు ఇవ్వమంది కూడా. ట్రిగ్గర్ నొక్కకుండా పేలదనే కంపెనీ వాదన. ఎవరిది రైటైనా, కోర్టు అనేది తూటా దిగాక వెళ్ళే చోటు.

కాబట్టి పిస్టల్ కొనేవాళ్ళు అన్నీ చూసే కొనండి. అన్నీ చూశాం కాబట్టి ఇక భయం లేదని మాత్రం అనుకోకండి. క్యూఏ టీమే లేని కంపెనీ, టెస్టింగ్ బాధ్యత యూజర్‌దే అంటే మనం నవ్వమూ? ఇక్కడ మాత్రం దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టారు.