ఫోన్‌ లాక్కునే ముందు ఏం తీసిందో చూడండి

తొమ్మిదో తరగతి పిల్ల ఫోన్‌ పట్టుకుని నాయనమ్మ చేతులనే పదే పదే తీస్తుంటే ఇంట్లో విసుగే. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగు ఇళ్లలోనైతే మరీనూ, పని ఆగుతుంది కదా! చదువు మానేసి రీల్సేంటని కసురుతాం. అది రీల్‌ కాకపోవచ్చు. కథ, పాట లేకుండా ఆ చేతుల కదలికనే చూపిస్తే అది వీడియో కళ. నామ్‌ జూన్‌ పైక్‌ 1963లోనే జర్మనీలో టీవీలను కళాప్రదర్శనలో పెట్టాడు.

మన దేశంలో నళినీ మలానీ 'గేమ్‌పీసెస్‌' (2003) చూడండి. పారదర్శకమైన గొట్టాలపై బొమ్మలు వేసి, అవి తిరుగుతుంటే వాటి గుండా వీడియో వెలుగు పంపారు. గోడ మీద నీడలు కదులుతాయి. తోలుబొమ్మలాట గుర్తు రావడం లేదూ? పల్చటి తోలుకు రంగులద్ది, వెనుక దీపం పెట్టి తెర మీద ఆడించడం మనకు కొత్తా? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు.

అందుకే ఈ పనిని డ్రాయింగు పీరియడుకు వదిలేయకుండా తెలుగు మాస్టారే చేపట్టాలంటాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రాయడం రాని పిల్లలు మన బడుల్లో ఎందరో. చేతుల దృశ్యం వెనుక నాయనమ్మ మాటలు వినిపించనివ్వండి. ఆ మాటలను పిల్లే విని, రాసి, తెర కింద అక్షరాలుగా వేయాలి. మధ్యలో మరాఠీ మాట దొర్లితే దిద్దకండి. వ్యాసానికిచ్చే పది మార్కుల్లో ఐదు దీనికివ్వండి. ఒక్క షరతు: నాయనమ్మను అడిగాకే తీయాలి, మొదట ఆమెకే చూపించాలి.